అమ్మ పడింది ఆ చివరి మెట్టు దగ్గరే

పోయిన ఏడాది మార్చిలో అమ్మ డాబా మెట్లు దిగుతూ పడిపోయింది. పైన వడియాలు పెట్టి, ఖాళీ గిన్నె చంకన పెట్టుకుని దిగుతోంది. పన్నెండు మెట్లు బాగానే దిగింది. ఇంకొకటి ఉందని తెలియక, నేల వచ్చేసిందనుకుని అడుగు వేసేసింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు.

అమ్మకి 73 ఏళ్లు. బాపట్ల దగ్గర మా ఊళ్లో ఒక్కతే ఉంటుంది. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ "కాళ్లల్లో సత్తువ తగ్గిందమ్మా" అనే అన్నారు. నేనూ అదే నమ్మాను. మోకాళ్లకి ఎక్స్‌రే తీయించాను, క్యాల్షియం బిళ్లలు కొన్నాను. ఎముకల డాక్టరు గారు కళ్ల గురించి ఒక్క మాట అడగలేదు. నాకూ తట్టలేదు.

కట్టు ఉన్నన్నాళ్లూ ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటూ అమ్మ దగ్గరే ఉన్నాను. పండక్కి వచ్చి రెండ్రోజులుండి వెళ్లిపోతే కనపడని సంగతులు అప్పుడు కనపడ్డాయి. మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే ఒంటిని గోడకి ఆనించేస్తోంది. ఎడమచేత్తో డికాక్షన్ వంచితే గ్లాసు పక్కన పడుతోంది. చెయ్యి అలవాటు లేక అనుకున్నాను. కానీ వరండా అంచుకి రాగానే ఆగి, పాదంతో తడిమి చూసుకుని గానీ దిగడం లేదు. చెయ్యి విరగడానికీ దానికీ సంబంధం లేదు కదా!

కట్టు విప్పాక గుంటూరులో కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. పరీక్ష చేసే అమ్మాయి అమ్మ కళ్లజోడు చేతిలోకి తీసుకుని, "పడ్డప్పుడు ఇదే పెట్టుకున్నారా అమ్మమ్మా?" అని అడిగింది. అది బైఫోకల్. కింద అర్ధచంద్రంలా ఉండే ముక్క చదువుకోవడానికి, అంటే అడుగున్నర దూరానికి. మెట్లు దిగేటప్పుడు చూపు కిందకి వాలితే సరిగ్గా ఆ ముక్కలోంచే చూస్తాం. పాదాల దగ్గర నేలేమో కంటికి నాలుగున్నర అడుగుల పైనే ఉంటుంది. మెట్టు అంచు మసకబారిపోతుంది. పైగా రెండు కళ్లలోనూ శుక్లాలు, కుడికన్ను మరీ ముదిరింది. శుక్లం ఉంటే అక్షరాలు కనపడకపోవడం ఒక్కటే కాదు, బూడిదరంగు మీద బూడిదరంగు అసలు విడిగా తెలియదు. మా మెట్లు పై నుంచి కింద దాకా సిమెంటువే.

మనిషి తూలకుండా నిలబడాలంటే చెవి లోపలుండే అవయవం, పాదాల్లో కీళ్లలో ఉండే స్పర్శ, కళ్లు, మూడూ మెదడుకి కబురు పంపుతూ ఉండాలి. వయసు మీద పడే కొద్దీ మొదటి రెండూ మందగిస్తాయి, భారమంతా కళ్ల మీద పడుతుంది. అమ్మకి పద్దెనిమిదేళ్లుగా షుగర్. "దూది మీద నడుస్తున్నట్టుందే" అని ఎన్నిసార్లు చెప్పిందో. అరికాళ్లలో స్పర్శ తగ్గిన మనిషి నేలని కళ్లతోనే పట్టుకుని నడుస్తుంది. సబ్బు నురగకి ఆ కళ్లు కూడా మూస్తే పట్టుకోవడానికి గోడే మిగిలింది. నేను ఆ తిమ్మిరి మాట విని, పడుకోబోయే ముందు కాళ్లకి నూనె రాసుకోమని చెప్పి ఊరుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇంటికొచ్చాక మెట్ల పైన అమ్మని నిలబెట్టి, కిందకి చూసి ఎన్ని మెట్లున్నాయో చెప్పమన్నాను. "మెట్లేవే, బండలా ఒకటే కనిపిస్తోంది" అంది. ముగ్గు డబ్బాలోంచి బియ్యప్పిండి తెచ్చి ఒక్కో మెట్టు అంచునా గీత వేసుకుంటూ దిగాను. "ఆఁ, ఇప్పుడు తెలుస్తున్నాయి" అని తనే వేలితో లెక్కపెట్టింది. మా వీధి గుమ్మం గడప ఎత్తు జానెడు ఉంటుంది. దానికి ఒక్కసారి కూడా తట్టుకోలేదు. ప్రతి శుక్రవారం పసుపు రాస్తుంది మరి. మర్నాడే పెయింట్ తెచ్చి మెట్ల అంచులన్నిటికీ రెండంగుళాల పసుపు పట్టీ వేయించాను.

జూన్‌లో కుడికంటికి ఆపరేషన్ అయింది. అయిపోయిందిలే అని నేను ధైర్యపడ్డాను గానీ, రెండో కన్ను చేసేదాకా ఉన్న రెండు నెలలే ఎక్కువ టెన్షన్. ఒక కన్ను తేటగా, ఒకటి మసగ్గా ఉంటే లోతు అంచనా దొరకదు. పాత జోడు కుడికంటికి పనికిరాదు. ఆ రోజుల్లో ఒంటరిగా మెట్లు దిగనివ్వలేదు.

రెండో కన్ను కూడా అయ్యాక కళ్లజోళ్లు రెండు తీసుకున్నాం, నడవడానికి ఒకటి, చదువుకోవడానికి ఒకటి. ఆస్ట్రేలియాలో 2010లో ఆరువందల మందికి పైగా పెద్దవాళ్ల మీద చేసిన పరిశోధన ఒకటి చదివాను. బైఫోకల్, ప్రోగ్రెసివ్ (గీత లేకుండా పై నుంచి కిందకి పవర్ మెల్లగా మారేవి) అద్దాలవాళ్లకి బయట తిరగడానికి విడిగా దూరపు అద్దాలిచ్చి చూశారు. బాగా బయట తిరిగేవాళ్లు పడటం తగ్గింది. ఎక్కువగా ఇంట్లోనే ఉండేవాళ్లు మాత్రం బయటికెళ్లినప్పుడు ఇంకా ఎక్కువ పడ్డారు. అందుకే అందరికీ ఇదే చేయించండి అని నేను చెప్పను. మా అమ్మ గుడికీ, బజారుకీ రోజూ నడుస్తుంది కాబట్టి డాక్టరు గారు సరేనన్నారు. కొత్త జోడు పెట్టుకున్న మొదటి పది రోజులూ నేల పైకి లేచినట్టుందని గోడ పట్టుకునే నడిచింది. అప్పుడూ పక్కన మనిషి ఉండాలి.

రాత్రిళ్లు మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ దాకా చిన్న బల్బు వెలుగుతూనే ఉంటుంది. పెద్ద వయసులో కళ్లు చీకటికి అలవాటు పడటానికి చాలాసేపు పడుతుంది.

మొన్న ఫోన్ చేసింది. వడియాలు పెట్టడం అయిందట, పిన్నికీ నాకూ డబ్బాలు కట్టి ఉంచిందట. ఫోన్ పెట్టేసే ముందు, "ఏమే, వచ్చేటప్పుడు ఆ పసుపు పెయింట్ చిన్న డబ్బా పట్టుకురా. చివరి మెట్టుది చెరిగిపోయింది" అంది.