గాలి బయటికి పోయే దారి

ప్రకాశం జిల్లాలో పొగాకు పండించే ఊళ్లవారికి బ్యారన్ గురించి, అంటే పచ్చి పొగాకును వేడితో ఆరబెట్టి క్యూరింగ్ చేసే గది గురించి, వేరుగా చెప్పనక్కరలేదు. గాలి లోపలికి రావడానికి కింద గోడల్లో కంతలు, తడి గాలి బయటికి పోవడానికి పైన వెంటిలేటర్లు ఉంటాయి. ఆకు పసుపు రంగుకు తిరిగేదాకా వాటిని దాదాపు మూసి ఉంచి, ఆరే దశలో కొద్దికొద్దిగా తెరవాలి. ఆ లెక్క తప్పితే ఆకు రంగు చెడుతుందని కొండపి, టంగుటూరు ప్రాంతాల రైతులకు బాగా తెలుసు. వేడి గాలి పైకి పోతుందనీ, పైన దారి లేకపోతే కింద ఎన్ని కంతలు పెట్టినా గాలి కదలదనీ ఎరిగిన ఈ మనుషులే, తాము పడుకునే ఇళ్లను మాత్రం పైన ఒక్క వెంటిలేటర్ కూడా లేకుండా కట్టుకుంటున్నారు. నా బాధంతా దాని గురించే.

పాత మిద్దెల్లో, పెంకుటిళ్లలో కిటికీకి ఎదురుగా కిటికీ, కప్పుకు కాస్త కిందుగా గవాక్షం ఉండేవి. ఏసీలు వచ్చాక, చల్లదనం పోతుందని ఆ గవాక్షాలను అద్దాలతోనో సిమెంటుతోనో మూసేశారు. రెక్కల కిటికీలు పోయి, పక్కకు జరిపే కిటికీలు వచ్చాయి. రెండు పలకల స్లైడింగ్ కిటికీ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. తేమతో కూడిన వేడి ప్రాంతాలలో గాలి వచ్చే తెరపి నేల వైశాల్యంలో కనీసం ఆరో వంతు ఉండాలని జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతుంది. ఆ లెక్కన, పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గదికి 20 చదరపు అడుగులు కావాలి. నాలుగడుగుల చదరపు స్లైడింగ్ కిటికీ ఇచ్చేది ఎనిమిదే. పైగా, హద్దు దాకా గోడ లేపిన పక్కింటివైపు ఆ కిటికీ ఉంటే ఆ ఎనిమిదీ ఉన్నట్టు కాదు.

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదన్న సంగతి చాలామందికి తెలియదు. గదిలో ఉన్న గాలినే అది తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు సుమారు 420 పాళ్లు ఉంటుంది. తలుపులన్నీ బిగించిన చిన్న గదిలో ఇద్దరు నిద్రపోతే, తెల్లవారేసరికి అది 2,000 దాటడం సాధారణమే. ఆ మోతాదు విషం కాదు గానీ, లేచేసరికి తల బరువుగా ఉండడానికి అదొక కారణం కావచ్చు. అంతకంటే ముఖ్యంగా, ఒకరు విడిచిన గాలిని మరొకరు ఎంతగా పీలుస్తున్నారో చెప్పే కొలత అది. క్షయ వ్యాపించేది గాలి ద్వారానే. ప్రపంచంలోని క్షయ రోగులలో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు కనుక ఈ మాటను తేలికగా తీసుకోకూడదు. పెరూ దేశంలోని లిమా నగర ఆసుపత్రులలో కొలతలు తీసి 2007లో ప్రచురించిన పరిశోధనలో, కిటికీలూ తలుపులూ తెరిచిన గదుల్లో గాలి గంటకు సుమారు 28 సార్లు మారుతున్నట్టు తేలింది. ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలు ఉన్న పాత భవనాలు కొత్తవాటి కంటే ఎంతో మెరుగ్గా కనిపించాయి.

దోమల మాటేమిటని నెల్లూరులో ఎవరైనా అడుగుతారు, అడగడం న్యాయమే. అయితే దోమలకు భయపడి కిటికీలు మూసి, మూసిన గదిలో దోమలచుట్ట వెలిగించడం అన్నిటికంటే చెడ్డ పని. ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత ఉంటుందని 2003లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. పసిపిల్లలున్న గదిలో ఆ చుట్ట కంటే కిటికీకి జాలీ, మంచానికి దోమతెర ఎన్నో రెట్లు మేలు. జాలీ వల్ల గాలి కొంత తగ్గుతుంది, దుమ్ము పట్టితే మరింత తగ్గుతుంది. తడిగుడ్డతో తరచూ తుడవక తప్పదు.

వంటింటి విషయం మరికాస్త చిక్కైనది. వాస్తు ప్రకారం మనం వంటిల్లు ఆగ్నేయంలో పెడతాం. వేసవి సాయంత్రాలలో మన తీరానికి సముద్రపు గాలి వచ్చేదీ తూర్పు, ఆగ్నేయ దిక్కుల నుంచే. అందువల్ల ఆ వేళ వంటింటి కిటికీ బార్లా తెరిస్తే, తాలింపు పొగ బయటికి పోవడానికి బదులు హాలులోకీ పడకగదుల్లోకీ వస్తుంది. గ్యాస్ మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ కూడా దానితోపాటే వస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు అది మంచిది కాదు. వంట చేసినంతసేపూ హాలువైపు తలుపు మూసి, కిటికీ కొద్దిగా మాత్రమే తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, పొయ్యి ఆర్పాక కూడా కాసేపు దానిని తిరగనివ్వాలి.

కిటికీలు ఎప్పుడూ తెరిచి ఉంచాలని నేను అనడం లేదు. చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు పక్క ఇల్లయితే రోడ్డువైపు మూసి, వెనకవైపు తెరుచుకోవడమే ఉత్తమం. రోహిణి కార్తెలో పడమటి వడగాలి వీచే వేళ మూసి, రాత్రి చల్లబడ్డాక తెరవాలి. చలికాలపు తెల్లవారుజామున చల్లని గాలి నేలకు అంటుకొని ఉండి పొగను పైకి పోనివ్వదు. పొగాకు క్యూరింగ్ సాగే ఊళ్లలో ఎండ ఎక్కాక తెరవడం నయం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు పట్టినప్పుడు గోడలు చెమ్మగిల్లి బూజు పడుతుంది కనుక, వాన తెరిపిచ్చినప్పుడల్లా ఎదురెదురు కిటికీలు అరగంటైనా తెరవాలి, బీరువాలను గోడకు జానెడు ఎడంగా జరపాలి.

నెల్లూరులో ఇల్లు కట్టుకుంటున్న మా బావగారికి ఒకటే చెప్పాను: ప్రతి పడకగదిలో, కిటికీకి ఎదురు గోడకు, కప్పుకు అడుగు కిందుగా, కావాలన్నప్పుడు మూసుకోగల వెంటిలేటర్ ఒకటి పెట్టించండి. ఏసీ వేసిన రాత్రి మూసినా, తెల్లవారగానే తాడు లాగి తెరిచేలా ఉంటే చాలు. దానికి అయ్యే ఖర్చు గ్రిల్లు మీద చెక్కించే నగిషీకి అయ్యేదాని కంటే తక్కువే.