చెట్టును కొలవడం నేర్పిన చదువు

అటవీశాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తున్నానని చెప్పిన ప్రతిచోటా నాకు ఎదురైన ప్రశ్న ఒకటే: "అయితే చదువయ్యాక ఫారెస్ట్ ఆఫీసరు అవుతావా?" ఆ ప్రశ్నకు చరిత్రలో ఆధారం లేకపోలేదు. అటవీశాస్త్రవేత్త హైన్రిష్ కోటా 1811లో తన అటవీ పాఠశాలను జర్మనీలోని థారాంట్‌కు తరలించినప్పుడూ, ఫ్రాన్సులోని నాన్సీ నగరంలో అటవీ పాఠశాల 1824లో ఏర్పడినప్పుడూ, డెహ్రాడూన్‌లో 1878లో ఫారెస్ట్ స్కూలు తెరిచినప్పుడూ ముఖ్యోద్దేశం ప్రభుత్వ అడవులను నడపగల అధికారులను తయారు చేయడమే. మా బ్యాచ్‌లో మాత్రం ఆ ఉద్యోగంలో చేరినవారు కొద్దిమందే. మిగిలినవారం కర్బన లెక్కల్లోకి, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణలోకి, కలప కంపెనీల తోటల్లోకి, పరిశోధనలోకి వెళ్లిపోయాం. ఇన్ని దారులు పట్టినవాళ్లం కలుసుకున్నప్పుడు మా మాటలు తిరిగి తిరిగి చేరేది చెట్లనూ అడవినీ కొలవడం నేర్పే ఫారెస్ట్ మెన్సురేషన్ పేపరు దగ్గరికే. మన విశ్వవిద్యాలయపు అటవీశాస్త్ర శాఖ నాకిచ్చిన అసలైన విద్య అదేనని ఇప్పుడు మరింత గట్టిగా నమ్ముతున్నాను.

చెట్టు చుట్టూ టేపు వేయడం చూసేవారికి చాలా తేలిక పనిగా కనిపిస్తుంది. చెట్టు లావును ఛాతీ ఎత్తు దగ్గర కొలుస్తారు; ఎక్కువ దేశాల్లో ఛాతీ ఎత్తు అంటే నేల నుంచి 1.3 మీటర్లు అని లెక్క. కానీ చెట్టు వాలు మీద ఉంటే ఆ ఎత్తును ఎగువ వైపు నుంచి చూడాలి, కాండం ఒరిగి ఉంటే టేపు కాండానికి అడ్డంగా ఉండాలి తప్ప నేలకు సమాంతరంగా కాదు, ఛాతీ ఎత్తు కంటే కిందనే చెట్టు రెండుగా చీలితే రెండు కాండాలనూ విడివిడిగా రాసుకోవాలి, వేళ్లు పలకల్లా పైకి లేచిన చోట వాటిపైకి వెళ్లి కొలవాలి, అల్లుకున్న తీగ ఉంటే దాని కింద నుంచి టేపు దూర్చాలి. మా గురువుగారు ఇవన్నీ తరగతిలో ఒకసారి చెప్పి, ఆ తర్వాత అంతా ప్లాటులోనే, అంటే చెట్లను మళ్లీ మళ్లీ కొలవడానికి అడవిలో హద్దులు గీసి ఉంచిన స్థలంలోనే, నేర్పారు. కొలిచిన చోట రంగుతో గీత గీయించేవారు. తర్వాతి కొలత నాలుగు వేళ్లు పైకో కిందికో జరిగితే చెట్టు పెరిగిందో, కొలిచిన చోటే మారిందో ఎవరూ చెప్పలేరని ఆయన వాదన. మాకంటే ముందు చదివిన వారెవరో కొట్టిన అల్యూమినియం బిళ్లలు కొన్ని చెట్ల మీద ఉండేవి. ఒక బిళ్లను బెరడు సగందాకా మింగేయగా, మిగిలిన అంకెలను వేలితో తడిమి చదివి పాత రిజిస్టరుతో సరిచూసుకున్నాం.

ఇన్నేళ్ల రికార్డు ఎందుకన్న సందేహం అప్పట్లో మాలో చాలామందికి కలిగింది. చలి ప్రాంతాల చెట్లకైతే సన్నని గొట్టంలాంటి బోరరును కాండంలోకి తిప్పి, పెన్సిలు కంటే సన్నటి చెక్కపుల్లను బయటకు తీసి, ఏటా ఏర్పడిన వలయాలను లెక్కపెట్టుకోవచ్చు. ఉష్ణమండలంలో టేకులాంటివి స్పష్టమైన వలయాలు వేస్తాయి గాని, చాలా జాతుల్లో ఏడాదికొక వలయం అని నమ్మడానికి వీల్లేదు. అలాంటి చోట పెరుగుదల తెలియాలంటే అదే చెట్టును ఏళ్ల తరబడి అదే చోట కొలవడమే నమ్మకమైన మార్గం. పనామాలోని బారో కొలరాడో దీవిలో 1980ల తొలినాళ్లలో 50 హెక్టార్ల ప్లాటు ఏర్పాటు చేసి, 1 సెంటీమీటరు వ్యాసం దాటిన ప్రతి కాండానికీ నంబరు వేసి, సుమారు ఐదేళ్లకొకసారి తిరిగి కొలుస్తూ రావడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. దక్షిణ భారతంలోని ముదుమలైలో 1988లో ఇదే పద్ధతిలో మరో 50 హెక్టార్ల ప్లాటు మొదలైంది.

ఉద్యోగంలో చేరాక ఆ కొలతల విలువ నాకు రెట్టింపైంది. అడవిలో ఎంత కర్బనం ఉందో చెప్పాలంటే చెట్లను నరికి తూచలేం గనుక వ్యాసం, ఎత్తు, కలప సాంద్రతల నుంచి బరువును అంచనా వేసే సమీకరణాలను వాడతాం. శాస్త్రవేత్త జెరోమ్ షావ్ బృందం 2014లో ప్రచురించిన ఉష్ణమండల సమీకరణం అలాంటిదే. దాని వెనుక నిజంగా నరికి తూచిన 4004 చెట్లు ఉన్నాయి. ఆ సమీకరణంలో బరువు దాదాపు వ్యాసపు వర్గంతో పాటు పెరుగుతుంది. అందుచేత వ్యాసంలో 10 శాతం పొరపాటు దొర్లితే బరువులో సుమారు 20 శాతం తేడా వస్తుంది. ఎండు బరువులో సగానికి కొంచెం తక్కువ కర్బనం అని లెక్కగట్టి, ఆ అంకె మీదనే కర్బన క్రెడిట్ల (అడవి పట్టి ఉంచే కర్బనానికి లెక్కగా ఇచ్చే పత్రాల) కొనుగోళ్లు, అమ్మకాలు జరుగుతున్నాయి. 2018లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపిన జెడి లేజరు పరికరం పైనుంచి అడవి ఎత్తును కొలుస్తుంది. ఆ ఎత్తును బరువుగా మార్చాలంటే మాత్రం ఎవరో నేల మీద టేపు పట్టుకుని కొలిచిన ప్లాట్లే ఆధారం. తెర ముందు కూర్చుని చేసే ఈ ఉద్యోగాలకు కంప్యూటరు నైపుణ్యం చాలనుకుని వచ్చేవారిని నేను తరచూ చూస్తున్నాను. ఎంత చురుకైనవారైనా, పలకవేళ్ల చెట్టును ఎప్పుడూ కొలవనివారికి పట్టికలో అసాధ్యమైన అంకె కనిపించినా అనుమానం రాదు.

అందరికీ కొలతలే ఇష్టం కానక్కరలేదు. 1993లో ఏర్పడిన ఫారెస్ట్ స్టివార్డ్‌షిప్ కౌన్సిల్ వంటి, అడవిని సరిగా నిర్వహిస్తున్నారని ధ్రువీకరించే వ్యవస్థలకు ఆడిటర్లు కావాలి. కార్చిచ్చుల నివారణలో పని ఏటా పెరుగుతోంది. ఊరుమ్మడి అడవులను జనం తమ నియమాలతోనే కాపాడుకోగలరని చూపిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్ర నోబెల్ దక్కాక, అటవీ విధానాలను సామాజిక శాస్త్ర దృష్టితో చదివేవారికి కూడా చోటు పెరిగింది. అయితే ఈ ఉద్యోగాల్లో చాలా వరకు ప్రాజెక్టులతో ముడిపడినవేనని, నిధులు ఆగితే పని కూడా ఆగుతుందని, నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండవలసి వస్తుందని చేరబోయేవారికి ముందే చెప్పాలి. విద్యార్థినులను రాత్రి బస ఉన్న క్షేత్ర పనులకు పంపడానికి వెనకాడే సంస్థలు నాకు తారసపడ్డాయి. ఆ సాకుతో అమ్మాయిల అనుభవానికి గండికొట్టడం నాకు ఏనాడూ సమంజసంగా తోచలేదు.

వృక్షశాస్త్రం, వ్యవసాయం, భూగోళశాస్త్రం చదివినవారిని కూడా చాలా విశ్వవిద్యాలయాలు ఈ పీజీలో చేర్చుకుంటాయి. ఏ కోర్సులో చేరాలని నన్ను అడిగేవారికి ర్యాంకుల పట్టిక చూడమని చెప్పను. ఆ శాఖకు సొంత శాశ్వత ప్లాట్లు ఉన్నాయా, వాటి పాత లెక్కలు విద్యార్థుల చేతికి ఇస్తారా, గణాంకశాస్త్రాన్ని పరీక్ష కోసం కాక థీసిస్ కోసం నేర్పుతారా అని కనుక్కోమంటాను. థీసిస్ కాలంలో కనీసం ఒక పూర్తి వానకాలం పడుతుందా లేదా అన్నది కూడా అడగాలి; చెట్లు ఎక్కువగా పెరిగే ఋతువు థీసిస్ గడువులో లేకపోతే పెరుగుదల మీద చేసే పరిశోధనకు మిగిలేది చాలా తక్కువ.

మన ప్లాటు రిజిస్టర్లలో పాతవి ఇంకా కాగితాల మీదే ఉన్నాయని, కొన్ని పేజీలు చెదలు పట్టడం మొదలైందని ఈ మధ్య శాఖ నుంచి తెలిసింది. వాటిని స్కాన్ చేయించి, అంకెలను కంప్యూటరులోకి ఎక్కించే పనిని పూర్వ విద్యార్థుల సంఘం తరఫున ఈ ఏడాదే చేపట్టాలని కోరుతున్నాను. టైపు చేసిన ప్రతి పేజీని ప్లాటులో పనిచేసిన మరొకరు మూలంతో పోల్చి చూడాలి. నా బ్యాచ్ కొలిచిన పేజీల బాధ్యత నేను తీసుకుంటాను.