పల్లం ఎటుంటే అటు

ఆదివారం పొద్దున్నే జగదాంబ కూడలిలో బస్సు దిగి ఫోను ఆపేశాను. నియమం ఒక్కటే: పల్లంగా ఉన్న వైపు నడవాలి. విశాఖలో పల్లం చివరికి నీళ్ల దగ్గరికే చేరుస్తుందని నా నమ్మకం.

పాతనగరం సందుల్లో తిరిగిన చోటికే మళ్లీ వచ్చాను. కత్తిపీట ముందు కూర్చున్న పెద్దావిడ, "ఎవరింటికి నాయనా?" అని అడిగింది. ఎవరింటికీ కాదన్నాను. నమ్మలేదు. పండుగప్ప పొలుసొకటి ఎగిరి నా చెప్పుకు అతుక్కుంది. వెండిలా ఉంటుందనుకున్నాను, ఎండలో లేత గులాబీ రంగు తిరిగింది. ధ్యానం తరగతిలో ఫ్యాను రెక్కలు లెక్కపెట్టిన మనిషిని నేను, ఆ పొలుసును మాత్రం కదలకుండా చూశాను.

తల ఎత్తితే మూడు కొండలు. రాస్ కొండ మీద చర్చి, మిగతా రెండింటి మీద దర్గా, వెంకన్న గుడి. నియమం పక్కన పెట్టి మెట్లెక్కాను.