చెవిలో విన్న రేసు

ఏళ్లుగా అమెరికాలోని షార్లెట్‌లోనే ఉంటున్నా, కోకా-కోలా 600 అనే నాస్కార్ కార్ల రేసుకి వెళ్లడం ఇదే మొదటిసారి. ఫ్రెండ్ జట్ల రేడియో మాటలు వినిపించే స్కానర్ అద్దెకు తీసుకుని హెడ్‌ఫోన్లు నా చెవులకు తగిలించాడు. ఇక నా ధ్యాసంతా రేడియోలో డ్రైవర్‌తో మాట్లాడే క్రూ చీఫ్ (కారు జట్టును నడిపించేవాడు) మీదే.

400 ల్యాపులు, 600 మైళ్లు. ఎండలో మొదలై రాత్రికి ముగుస్తుంది. ట్రాక్ చల్లబడేకొద్దీ కారు తీరే మారిపోతుంది. "మలుపులో ముందు చక్రాలు మాట వినట్లేదు" అని డ్రైవర్ అరిచాడు. అవతలి గొంతులో తొందర లేదు. "సరే, ఈసారి ఆగినప్పుడు సరిచేద్దాం." ట్రాక్ పక్కన ఆగే చోటైన పిట్‌లోకి కారు రాగానే ఒకతను వెనక అద్దంలోని రంధ్రంలోంచి పొడవాటి రెంచి పెట్టి కొంచెం తిప్పాడు. చక్రాల మీద బరువు పంపకం మారింది. పది సెకన్లు అటూఇటూగా నాలుగు టైర్లు కూడా మారిపోయాయి!

రెండు టైర్లా, నాలుగా? పెట్రోలు చివరిదాకా వస్తుందా? అన్నీ క్రూ చీఫే తేల్చాలి, అదీ క్షణాల్లో.

నాస్కార్ డ్రైవర్ జిమ్మీ జాన్సన్ గెలిచిన ఏడు టైటిళ్లకూ క్రూ చీఫ్ చాడ్ కనౌస్. 2006 నుంచి 2010 దాకా వరుసగా ఐదు! ఆ పేరు కూడా జాన్సన్ పేరంత గట్టిగా వినబడాలి.

మేం వింటున్న కారు గెలవలేదు. "బాగా నడిపావు, నీళ్లు తాగు" అన్నాడు దాని క్రూ చీఫ్. ఆ గొంతు ఇంకా చెవిలోనే ఉంది.