‘అమ్మకు చెప్పకండి’

మా చిన్నమ్మ చనిపోయిన సంగతి నాకు పదమూడు రోజుల తర్వాత తెలిసింది. అప్పటికి దినాలు కూడా అయిపోయాయి. మా మరదలు ఫోన్లో ఏవో మాట్లాడుతూ, ‘దినాలనాడు వచ్చినోళ్లందరు నిన్నే అడిగిండ్రు వదినా’ అని నోరు జారింది. ‘ఎవరి దినాలు?’ అన్నాను. అవతల చప్పుడు లేదు.

నా చేతికి సూదిచ్చి, దారం ఎక్కించడం నేర్పింది చిన్నమ్మే. పదేళ్ల వయసులో ఆమె పక్కన కూర్చొని జాకెట్లకు హుక్కులు కుట్టేదాన్ని. ఆమె పోయిందని ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆయనకు, అత్తమ్మకు, నల్లగొండ హాస్టల్లో ఉండే బిడ్డకు, ఎనిమిదో తరగతి చదివే కొడుక్కి కూడా. ఆటోకు కిరాయి దొరికిందని నాతో చెప్పి మా ఆయన మట్టికి పోయి వచ్చాడు. ఎందుకు దాచావని అడిగితే, ‘నీ గుండె ఆగమైతదని’ అన్నాడు. నాకు గుండెపోటు వచ్చి, పూడుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలి గొట్టం, అదే స్టెంట్, వేసి అప్పటికి మూడు నెలలు.

ఆయనకు నా మీద ప్రేమ లేక కాదు, నాకు తెలుసు. అయినా ఆ రాత్రి నుంచి నేను మాత్రలు మింగడం మానేశాను.

మాది దేవరకొండ. బస్టాండుకు దగ్గర్లో చిన్న గది అద్దెకు తీసుకుని ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. నాకిప్పుడు నలభై ఎనిమిదేళ్లు. షుగర్ చాలా కాలంగా ఉంది. 2024 ఫిబ్రవరిలో, మాఘమాసం పెళ్లిళ్ల గిరాకీలో రాత్రి ఒంటి గంట దాకా మిషన్ మీదే ఉండేదాన్ని. ఒక రాత్రి కింది దవడ లాగడం మొదలైంది. పన్ను నొప్పేమో అనుకున్నాను. వీపు మధ్యలో ఎవరో మోకాలు పెట్టి అదిమినట్టుంది. ఒళ్లంతా చెమట, కడుపులో తిప్పడం. ఛాతీలో మాత్రం నొప్పి లేనే లేదు. పొద్దున ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే గ్యాస్ అని ఇంజెక్షన్ వేసి పంపాడు. నేనూ నమ్మాను, ఇంటికొచ్చి రెండు జాకెట్లకు చేతులు కూడా కత్తిరించాను. మధ్యాహ్నం గడప దాటుతూ కూలబడితే అప్పుడు ఈసీజీ తీయించారు. ఆడవాళ్లకు, అందులో షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా కూడా రావచ్చని ఆ తర్వాత తెలిసింది. ఆ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంతో సమయం కలిసొచ్చేది. గుండెపోటులో పోయిన ప్రతి గంటకూ కొంత కండరం చచ్చిపోతుంది.

అరచేతిలో నాలుగైదు మాత్రలు పోసి నమిలి మింగమన్నారు. కొండమల్లేపల్లి, చింతపల్లి, మాల్ దాటుకుంటూ అంబులెన్సులో హైదరాబాద్ చేరాం. కుడి మణికట్టు దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపాలి, గాజులు తీయమన్నారు. సబ్బు నురగ రాసి తీస్తుంటే రెండు చిట్లాయి. పుస్తెలతాడు కూడా తీయాలనేసరికి ఎల్‌బీ నగర్ నుంచి వచ్చిన మా ఆడబిడ్డ గోడకు తిరిగి ఏడ్చింది. ఎక్కడికి పోయి తెచ్చిందో, పది నిమిషాల్లో పసుపుకొమ్ము తెచ్చి దారానికి కట్టి నా మెడలో వేసింది. నర్సమ్మ చూసి కూడా ఏమీ అనలేదు. ఆ అమ్మాయికి నేను ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఎడమవైపు పెద్ద రక్తనాళంలో 95 శాతం పూడిక ఉంది. ఒక స్టెంట్ వేశారు. మెలకువగానే ఉన్నాను, గంటలోపే అయిపోయింది. ఖర్చు ఆరోగ్యశ్రీలో పోయింది. అప్పు కోసం ఎవరి గడపా తొక్కే బాధ తప్పింది. నాలుగో రోజు ఇంటికి పంపిస్తూ కాగితం ఇచ్చారు. ఏడు రకాల మాత్రలు, ఏది ఎప్పుడు, ఉప్పు ఎంత, నడక ఎంత, అన్నీ రాశారు. ఇంటికి పోయాక బుగులు పట్టుకుంటుందని మాత్రం అందులో ఒక్క వరుస లేదు.

ఆ బుగులు మొదటి రాత్రే మొదలైంది. కళ్లు మూస్తే మళ్లీ తెరుస్తానో లేదో అనిపించేది. ఎడమవైపు తిరిగి పడుకుంటే గుండె చప్పుడు దిండులోంచి వినిపించేది, ఒక దెబ్బ కాస్త ఆలస్యమైతే లేచి కూర్చునేదాన్ని. గుండె నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకొనే సార్బిట్రేట్ మాత్రను చిన్న కాగితంలో చుట్టి కొంగుకు ముడేసుకొని తిరిగేదాన్ని. బావి దగ్గరికి పోయినా, స్నానానికి పోయినా ఆ ముడి ఉందో లేదో తడిమి చూసుకోవడమే. ఒకరోజు అత్తమ్మ తెలియక ఆ చీరను సబ్బునీళ్లలో నానేసింది. ముడి విప్పితే తడి కాగితం, తెల్లటి పిండి. అది చూసి నేను ఏడ్చిన ఏడుపుకు పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఇంట్లో డబ్బాలో ఇంకా తొమ్మిది మాత్రలు ఉన్నాయి, ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఏడుపు ఆగలేదు.

గుండె దడ, ఊపిరి అందకపోవడం, చేతులు తిమ్మిరి. ఆ మూడు నెలల్లో నాలుగుసార్లు రాత్రిపూట దవాఖానకు ఉరికాం. నాలుగుసార్లూ ఈసీజీ పాతదానిలాగే ఉంది. ‘ఏం లేదమ్మా, టెన్షన్ పడకు’ అని పంపేసేవారు. ఏమీ లేకపోతే ఇదంతా ఏమిటో ఎవరూ చెప్పలేదు.

చూడటానికి వచ్చినవాళ్లు బత్తాయిలు తెచ్చేవారు, వాటితోపాటు ఒక చావు కబురు తెచ్చేవారు. ‘మా పెదనాయన కొడుకు గూడ గిట్లనే, స్టెంటేసినంక మంచిగనే ఉండె, ఒకనాడు పొద్దుగాల లేవనే లేదు.’ కడుపులో ఏమీ పెట్టుకోకుండా, నన్ను జాగ్రత్తగా ఉండమని చెప్పడానికే చెప్పేవారు. వాళ్లు పోయాక ఆ మనిషి చావును రాత్రంతా నేనే మోసేదాన్ని. ఎవరినైనా పరామర్శకు పోతే దయచేసి ఇలాంటివి చెప్పకండి. బాగుపడినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు, వాళ్ల గురించి చెప్పండి.

ఇంట్లోవాళ్లు ఒక్కొక్క పనీ నా చేతిలోంచి తీసుకున్నారు. ముందు బిందె, తర్వాత చీపురు, ఆ తర్వాత పొయ్యి. మిషన్ తొక్కితే గుండెకు భారమని ఎవరో అన్నారట, దాని మీద దుప్పటి కప్పారు. మంచంలోంచి చూస్తే అది పడుకోబెట్టిన మనిషిలా కనిపించేది. ఆ తర్వాత మాటలు తీసుకున్నారు. నేను గదిలోకి రాగానే ఫోన్ పెట్టేసేవారు. ‘అమ్మకు చెప్పకండి’ అనే మాట గోడ అవతల నుంచి ఎన్నిసార్లు విన్నానో. ఫీజు బాకీ సంగతి చెప్పలేదు, ఆటో ఫైనాన్స్ వాళ్లు వచ్చి పోయిన సంగతి చెప్పలేదు. చివరికి చిన్నమ్మ సంగతి చెప్పలేదు. బతికించుకున్నారు కానీ, బతుకులోంచి పక్కన పెట్టారు అనిపించింది. ఆమె ముఖం కడసారి చూడలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఒక రాత్రి ముక్కు దగ్గర ఏదో వెచ్చగా తగిలి మెలకువ వచ్చింది. మా ఆయన వేలు. నాకు ఊపిరి ఆడుతుందో లేదో చూస్తున్నాడు. కళ్లు తెరవకుండా అలాగే పడుకున్నాను. రోజూ చూస్తున్నాడేమో. ఆయనకూ నిద్ర లేదని, ఆయన బుగులు ఆయనకూ ఉందని ఆ రాత్రే తెలిసింది. ఇద్దరం ఒకే గదిలో, ఒకే భయంతో, ఒకరికొకరు చెప్పుకోకుండా పడుకున్నాం.

మాత్రలు మానేసిన సంగతి ఎనిమిది రోజులు ఎవరికీ తెలియదు. అరచేతిలో పట్టుకొని, నీళ్లు తాగి, తర్వాత పెరట్లో పారేసేదాన్ని. చావాలని కాదు. ఎవరికీ పనికిరాని మనిషికి ఇన్ని మాత్రలెందుకు అనిపించింది, అంతే. తొమ్మిదో రోజు నల్లగొండలో చెకప్. ఆ డాక్టర్‌కు ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. బీపీ చూశాడు, గుండె స్కాన్ తీసిన ఎకో కాగితం చూశాడు. గుండె పంపింగ్ 45 శాతం నుంచి 50కి వచ్చిందన్నాడు. కలం మూసి, ‘రాత్రి నిద్ర పడుతుందా అమ్మా?’ అని అడిగాడు.

మూడు నెలల్లో ఆ మాట అడిగింది ఆయనొక్కడే. అన్నీ చెప్పేశాను, మాత్రల సంగతి కూడా. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకొన్నాడు. కోప్పడలేదు. స్టెంట్ వేసిన మొదటి ఏడాదిలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు సొంతంగా మానేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టి మళ్లీ గుండెపోటు రావచ్చని చెప్పాడు. ఆ తర్వాత చెప్పిన మాట నాకు ఎక్కువ పనికొచ్చింది. గుండెపోటు వచ్చినవాళ్లలో దాదాపు అయిదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుందట. అలాంటివాళ్లు నడక మానేస్తారు, మాత్రలు మానేస్తారు, దాంతో గుండెకు ముప్పు పెరుగుతుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లోనే డిప్రెషన్‌ను గుండెపోటు తర్వాత ముప్పు పెంచే కారణాల్లో చేర్చాలని చెప్పిందట. అంటే ఇది నా పిరికితనం కాదు, ఆ జబ్బులోనే ఒక భాగం. ఆ మాట విన్నాక ఎంత తేలికైందంటే, బయటికొచ్చి బెంచీ మీద కూర్చొని చాలాసేపు ఊరికే ఊపిరి పీల్చుకున్నాను.

మానసిక వైద్యుడి దగ్గరికి రాసిస్తే అత్తమ్మ ఒప్పుకోలేదు. ‘పిచ్చి డాక్టర్ దగ్గరికా? బిడ్డకు సంబంధాలొస్తయా?’ అంది. మా ఆయన మొదటిసారి అత్తమ్మ మాట కాదన్నాడు. ఆ వైద్యుడు డిప్రెషన్‌కు సెర్ట్రలిన్ అనే మాత్ర రాశాడు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు కూడా ఇస్తారని, రక్తం పలచన చేసే మాత్రలు వాడుతున్నాను కాబట్టి చిగుళ్లలోంచి రక్తం వచ్చినా, ఒంటి మీద ఊరికే కమిలిన మచ్చలు కనిపించినా వెంటనే చెప్పాలని అన్నాడు. రెండు వారాలు ఏ తేడా తెలియలేదు. మూడో వారం ఒకరోజు పొద్దున పొయ్యి దగ్గర పోపు వాసన బాగుందనిపించింది. అన్నం మీద మనసు పోయి ఎంతకాలమైందో అప్పుడు గుర్తొచ్చింది. ఏడాదికి దగ్గరగా వాడి, డాక్టర్ చెప్పినట్టే మెల్లమెల్లగా తగ్గించి ఆపేశాను. డాక్టర్ దగ్గరికి పోలేనివాళ్లు మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. 2022 నుంచి ఉన్న ఆ నంబర్ నాకు అప్పుడు తెలియదు.

గుండె డాక్టర్ ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా చేయించాడు. ఒంటికి తీగలు అంటించి, పక్కన ఆయనే నిలబడి నన్ను నడిపించాడు. మొదటి నిమిషం పట్టీ కదులుతుంటే కాళ్లు వణికాయి. గుండె నిమిషానికి నూటపది దాటింది. ‘ఆ తెర చూడండి, ఎంత మంచిగా కొట్టుకుంటుందో’ అన్నాడు. గుండె వేగంగా కొట్టుకోవడమంటే గుండె ఆగిపోవడం అని ఇన్నాళ్లూ నేను అనుకున్నది తప్పని ఆ తెర మీద నా కళ్లతో చూశాను. మర్నాటి నుంచి ఖిల్లా వైపు నడక మొదలుపెట్టాను. మొదట పది నిమిషాలు, మా ఆయన వెనకాలే ఆటోలో. నెల తర్వాత అరగంట, ఒక్కదాన్నే.

అడగలేని మాట ఇంకొకటి ఉండేది. దవాఖాన నుంచి వచ్చినప్పటి నుంచి మేమిద్దరం వేరువేరుగానే పడుకున్నాం. దాని గురించి సిగ్గు విడిచి నర్సును అడిగితే, ఆయాసం, నొప్పి లేకుండా రెండంతస్తులు మెట్లెక్కగలిగితే భయం లేదంది. ఇది నాలాంటి ఎంతోమంది అడగలేక మనసులోనే దాచుకుంటారు, అందుకే రాస్తున్నాను.

ఏది బుగులో ఏది జబ్బో తేల్చుకోవడానికి డాక్టర్ చెప్పింది గోడ మీద రాసి పెట్టుకున్నాను. ఛాతీలోనో దవడలోనో వీపులోనో బరువు, చెమట, నడిస్తే పెరిగి ఆగితే తగ్గే నొప్పి ఉంటే, కూర్చొని సార్బిట్రేట్ నాలుక కింద పెట్టుకోవాలి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108. అనుమానం ఉంటే కూడా 108, మొహమాటం వద్దు. ఇది నాకు బాగా అలవాటైన దడే, ఈ గుర్తులేవీ లేవు అనిపించినప్పుడు మాత్రం జాకెట్ తీసుకొని హుక్కులు కుట్టడం మొదలుపెడతాను. ఊపిరి మెల్లగా వదులుతూ సూది గుచ్చడం, లాగడం. మొదటి హుక్కుకు వేళ్లు వణుకుతాయి, దారం వంకరపోతుంది. మూడో హుక్కు దగ్గర చెమట ఆరుతుంది. ఆరోది కుట్టేసరికి దడ దిగిపోతుంది. ఆ జాకెట్లు తిప్పి చూస్తే పై హుక్కు కుట్టు వంకరగా, కింది హుక్కు కుట్టు చక్కగా ఉంటుంది. తర్వాత పైది విప్పి మళ్లీ కుడతాను.

మిషన్ మీది దుప్పటి నేనే తీశాను. ఆ రోజే మా ఆయనను కూర్చోబెట్టి, ఇకమీద ఏ కబురైనా, చావు కబురైనా ముందు నాకే చెప్పాలన్నాను. నాకు ఏదైనా అయితే అది జబ్బు వల్ల అయితది, నీ మాట వల్ల కాదన్నాను. తల ఊపాడు. అయినా అలవాటు మారడానికి చాలా నెలలు పట్టింది. ఇప్పటికీ మధ్యమధ్యలో ఫోన్ పట్టుకొని బయటికి పోతాడు. నేను తలుపు దాకా పోయి నిలబడతాను.

మొన్న బిడ్డకు డిగ్రీ మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాయి. మధ్యాహ్నం పూట, నేను ఒక పెళ్లి జాకెట్‌కు లైనింగ్ వేస్తుంటే ఫోన్ చేసింది.

‘అమ్మా, ఒక పేపర్ పోయింది.’

గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది. మిషన్ ఆపి, సూది ఉన్నచోటే వదిలేసి, ‘ఏ పేపర్?’ అన్నాను.

‘చెప్తా. ఫస్టు నీకే చెప్తున్నా. నాయనకు ఇప్పుడే చెప్పకే, రంది పెట్టుకుంటడు.’

‘సరే, చెప్పను. నువ్వు మెల్లగ చెప్పు’ అన్నాను.