0.05 ఎంఎల్ దగ్గరే అసలు తంటా

వెన్నుకి మత్తు ఇచ్చేటప్పుడు బుపివకైన్ అనే మొద్దుబార్చే మందుకి తోడు ఇంకో మందు కలపడం పెద్ద విద్యేమీ కాదు. కూర్చోబెట్టడం, వీపు శుభ్రం చేయడం, సన్న సూది దింపడం, నీరు రావడం అన్నీ రోజూ చేసేవే. చిక్కంతా సూది గుచ్చకముందు, ట్రాలీ దగ్గర.

మా విజయనగరం థియేటర్లో తుంటి విరిగినవాళ్లకి, గర్భసంచి ఆపరేషన్లకి నేను ఎక్కువగా కలిపేది డెక్స్‌మెడిటోమిడిన్ అనే మగతమందు, 5 మైక్రోగ్రాములు. ఇది బుపివకైన్ పనిని ఇంకా కొన్ని గంటలు సాగదీస్తుంది. లేబుల్ మీద రక్తనాళంలోకే (ఐవీ) అని ఉంటుంది, వెన్నులో వాడకం మన బాధ్యత. ఎంఎల్‌కి 100 మైక్రోగ్రాములు కాబట్టి కావలసింది 0.05 ఎంఎల్. రెండు ఎంఎల్ సిరంజి మీద అతి చిన్న గీతే 0.1. సూది మొదట్లో మిగిలిపోయే మందే మనకి కావలసినంత ఉంటుంది. ఇన్సులిన్ సిరంజి తప్పదు.

ఇక్కడే స్టోర్‌వాళ్లు ప్రాణం తీస్తారు. నారింజ మూత యూ-100 రాసిస్తే ఎర్ర మూత యూ-40 పంపి, "రెండూ ఇన్సులిన్‌వే కదండీ" అంటారు. యూ-100లో 5 యూనిట్లంటే 0.05 ఎంఎల్. యూ-40లో అదే 5 యూనిట్లు 0.125 ఎంఎల్, అంటే 12.5 మైక్రోగ్రాములు. దాంట్లో 2 యూనిట్లే తీయాలి. ఇవాళ ఒకే డబ్బాలో రెండు రంగులూ కలిపి పంపారు. సంతకం పెట్టకుండా వెనక్కి కొట్టాను. ఇలాంటి విషయంలో మొహమాటం పడేవాళ్లు ఈ పనికి రారు.

ముందు 5 ఎంఎల్ సిరంజిలోకి హెవీ (గ్లూకోజ్ కలిపి బరువు పెంచిన) బుపివకైన్ 3 ఎంఎల్ తీయండి. సూది విప్పి, ప్లంజర్ కాస్త వెనక్కి లాగి, ఇన్సులిన్ సూదిని మూతిలోంచి వీలైనంత లోపలికి దింపి డెక్స్‌మెడిటోమిడిన్ వదలండి. మూతి దగ్గరే వదిలితే గాలి తీసేటప్పుడు ఆ చుక్క బయటికి పోతుంది. తర్వాత సిరంజిని రెండుసార్లు తలకిందులు చేయండి. ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజుసీసా) పేరు ఇద్దరు పైకి చదవాలి. రక్తస్రావం ఆపే ట్రానెక్సామిక్ ఆసిడ్ ఆంప్యూల్ చూడ్డానికి బుపివకైన్‌దిలాగే ఉండొచ్చు, వెన్నులోకి వెళ్తే ప్రాణాలు పోవచ్చు. ఆ ట్రేలో దానికి చోటే ఉండకూడదు.

డెక్స్‌మెడిటోమిడిన్‌తో నాడి తగ్గొచ్చు, దాన్ని పెంచే అట్రోపిన్ 0.6 మిల్లీగ్రాములు తీసి పెట్టుకోవాలి. కాళ్లలో తిమ్మిరి మామూలుకంటే గంటలకొద్దీ ఎక్కువ ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే "బాబూ, మాయమ్మ కాలు కదపట్లేదు, పడిపోనాదా?" అని వార్డంతా గోల.

దాని బదులు మార్ఫిన్ జాతి మందు ఫెంటనిల్ కలిపితే 25 మైక్రోగ్రాములంటే అర ఎంఎల్, కొలవడం సులువే. దురద రావచ్చు. తాళం, రిజిస్టరు, ఖాళీ ఆంప్యూల్ అప్పగింత మాత్రం తప్పవు. నిద్రమందు మిడజోలం చాలా వయల్స్‌లో మందు చెడకుండా కలిపే బెంజైల్ ఆల్కహాల్ ఉంటుంది, అది వెన్నులోకి వద్దు.

శ్రీకాకుళం వైపు నుంచి, ముఖ్యంగా కవిటి, సోంపేట నుంచి వచ్చే ఉద్దానం (కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం) కిడ్నీ రోగులకి నొప్పిమందు డైక్లోఫెనాక్ రాయకూడదు. మార్ఫిన్ పదేపదే ఇస్తే దాని అవశేషాలు ఒంట్లో పేరుకుంటాయి. వాళ్లకి తొలి రాత్రి నొప్పి ఆపడానికి వెన్నులో కలిపే ఈ చుక్క ఎంతో అక్కర. ఇంకా ఎక్కువసేపు కావాలంటే ఎపిడ్యూరల్, అంటే వెన్నులో సన్న గొట్టం ఉంచి మందు ఎక్కించడం. అయితే ఎపిడ్యూరల్ పెట్టేముందు ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే పరీక్షలు చూసుకోవాలి. యూరియా పెరిగినప్పుడు ప్లేట్‌లెట్ల లెక్క బాగున్నా పని బాగుండదు.

ఎపిడ్యూరల్‌కి 50 ఎంఎల్ సిరంజిలో హెవీ కాని 0.5 శాతం బుపివకైన్ 12.5, ఫెంటనిల్ 2, సెలైన్ 35.5 ఎంఎల్. గంటకి 5 నుంచి 8 ఎంఎల్. ట్యూబుకి "ఎపిడ్యూరల్" చీటీ రెండు చోట్ల అంటించండి, ఒకటి పంపు దగ్గర, ఇంకోటి రోగి భుజం దగ్గర.