మొదటి సైకిల్‌కి వయసు కాదు, కాలు కొలవండి

రెండేళ్ల పాపకి సైకిల్ కొనేముందు టేపు తీయండి. బూట్లు వేసి గోడకి ఆనించి నిలబెట్టి, కాళ్ల మధ్య అట్ట పుస్తకాన్ని పైకి తగిలేదాకా జరపండి. నేల నుంచి దాని పై అంచుకి 35 సెం.మీ. వస్తే సీటు 32-33 దగ్గర ఉండాలి. పాదాలు రెండూ పూర్తిగా నేలకి ఆని, మోకాళ్లు కాస్త వంగాలి. 'పెద్దయ్యాకా పనికొస్తుంది' అని 16 అంగుళాల చక్రాలది తెస్తే మునివేళ్ల మీద వేలాడుతూ భయపడుతుంది, అంతే.

నా ఓటు పెడల్ లేకుండా, కాళ్లతో నేలని నెట్టుకుంటూ నడిపే 12 అంగుళాల బ్యాలెన్స్ బైక్‌కే. పక్క చక్రాలు సైకిల్‌ని ఒరగనివ్వవు. మలుపులో లోపలికి వంగడమే అసలు విద్య. అవి ఊడదీసిన రోజు మళ్లీ మొదటికే వస్తారు.

12 కిలోల పిల్లకి సైకిల్ 4 కిలోలు మించొద్దు. పడితే తనే లేపుకోగలగాలి కదా.

ఫోమ్ టైర్లు పంచరు కావు గానీ తడి టైల్స్ మీద జారతాయి. గతుకుల వీధికి గాలి టైర్లే మేలు.

ఈ వయసులో చేతి బ్రేకు నొక్కే పట్టు ఉండదు, కాళ్లే బ్రేకు. అందుకే చెప్పులు వద్దు, సెల్లార్ ర్యాంపు అసలే వద్దు. సీటు బిగించే నట్టు వారానికోసారి చూడండి. వదులైతే సీటు మెల్లగా కిందికి దిగిపోతుంది.